పాత కారు ఇంజన్: బోరు చేయించాలా, వేరేది వేయించాలా?

"ఇంజన్ బోరుకొచ్చిందన్నారు, చేయించాలా లేక సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేయించాలా?" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ. అది అరిగిపోయింది, పట్టి సరిచేయాలి అనడమే బోరుకొచ్చిందనడం. బోరుకొచ్చిందని ఎలా తేల్చారని తిరిగి అడిగితే "మెకానిక్ చెప్పాడు" అంటారు తప్ప, చేతిలో ఒక్క కొలత ఉండదు. కొలత లేకుండా ఈ నిర్ణయం తీసుకోకండి. ఈ మార్గదర్శి అంతా ఆ కొలతల కోసమే, వాటిని చూసి ఏం చేయాలన్నదాని కోసమే.

ఉదాహరణకి 2012 మోడల్ డీజిల్ డిజైర్ తీసుకుందాం. అందులోది 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ ఇంజన్. స్విఫ్ట్, రిట్జ్, ఎర్టిగా, ఇండికా విస్టా, మాంజా, పుంటోలలోనూ ఇదే కుటుంబం ఇంజన్ వచ్చింది కాబట్టి మన రోడ్ల మీద ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. పెట్రోల్ కార్లకి తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

## 1. అసలు తప్పు ఇంజన్‌దేనా?

పొగ వచ్చినా, పికప్ తగ్గినా, ఆయిల్ తాగుతున్నా ఇంజన్ పోయిందని అర్థం కాదు. ముందు వీటిని వరుసగా చూసుకోండి.

నీలం పొగ. ఆయిల్ కాలుతోంది. రింగుల (పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి) నుంచే అనుకోకండి. డీజిల్‌లో టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టేది) సీల్ పోయినా ఇదే పొగ వస్తుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టం విప్పి చూడండి. పల్చగా ఆయిల్ తడి ఉంటే మామూలే, ఆయిల్ కారేలా ఉంటే మొదట టర్బో సంగతి చూడాలి. పెట్రోల్ కారులో పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పున పొగ వచ్చి ఆగిపోతే ఎక్కువసార్లు అది వాల్వ్ సీల్స్ పని. దానికి బోరు అక్కర్లేదు.

నల్ల పొగ. డీజిల్ ఎక్కువ పడుతోంది, లేదా గాలి తక్కువ అందుతోంది. ఎయిర్ ఫిల్టర్, పగిలిన టర్బో గొట్టం, ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపేది), ఇంజెక్టర్లు (ఇంధనాన్ని చిమ్మేవి) చూడండి. ఈ ఒక్క లక్షణం చూసి ఇంజన్ విప్పనివ్వకండి.

తెల్ల పొగ, కూలంట్ తగ్గడం. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) అనుమానం. రేడియేటర్ నోటి దగ్గర పెట్టి చూసే గ్యాస్ టెస్టర్ ఉంటుంది. ఎగ్జాస్ట్ గ్యాస్ కూలంట్‌లోకి వస్తుంటే అందులోని ద్రవం రంగు మారుతుంది. కారు వేడెక్కి ఆగిపోయిన చరిత్ర ఉంటే ఈ టెస్ట్ తప్పనిసరి.

చప్పుడు. అడుగున బేరింగ్ కొట్టుకునే శబ్దానికీ ఇంజెక్టర్ శబ్దానికీ తేడా వినికిడితో తేల్చడం కష్టం. ఒక్కో ఇంజెక్టర్ వైరు తీసి చూస్తే, పెట్రోల్ అయితే ఒక్కో ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్ తీసి చూస్తే, ఏ సిలిండర్ దగ్గర శబ్దం మారుతుందో తెలుస్తుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ముందు వైపు గలగలా వినిపించి తగ్గితే టైమింగ్ చైన్, టెన్షనర్ వైపు చూడండి.

ఆయిల్ లైటు. వెలిగిందంటే బండి ఆపేయాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఇంజన్ విప్పే ముందు స్విచ్ తీసి అక్కడ మెకానికల్ గేజ్ పెట్టి ప్రెషర్ కొలవండి. స్విచ్ పాడైనా లైటు వెలుగుతుంది. సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టె) జాలీ మడ్డితో మూసుకుపోయినా వెలుగుతుంది.

పికప్ లేదు. క్లచ్ జారుతోందేమో చూశారా? పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే అది ఇంజన్ కాదు.

ఆయిల్ ఎంత తాగుతోందో నోటి లెక్క వద్దు. చదునైన చోట ఆపి, డిప్ స్టిక్ మీద ఫుల్ గీత దాకా పోసి, ఓడోమీటర్ రాసుకుని, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ అదే గీతకి రావడానికి ఎంత పోయాల్సి వచ్చిందో కొలవండి. బయటికి లీకేజీ లేకుండా లీటరు దగ్గరకి వస్తుంటే రెండో మెట్టుకి వెళ్లాల్సిందే.

## 2. కొలతలు తీయించండి

మంచి గ్యారేజీలో ఇవన్నీ ఒక పూట పని. "చూడగానే తెలిసిపోతుంది సార్, టెస్ట్ ఎందుకు" అనేచోట ఇంజన్ ఇవ్వకండి.

కంప్రెషన్ టెస్ట్. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం ఇది. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, ఫ్యూయల్ ఆపాలి. పెట్రోల్ అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. ఇది మర్చిపోతే అంకెలన్నీ తక్కువే వస్తాయి, ఆ తప్పుడు అంకెలతోనే ఇంజన్ విప్పేస్తారు. పెట్రోల్ ఇంజన్లలో సాధారణంగా 12 నుంచి 14 బార్, డీజిల్‌లో 25 నుంచి 30 బార్ దగ్గర ఉంటుంది. మీ ఇంజన్‌కి సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అంకె కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం లోపు పర్లేదు, 15 దాటితే కారణం వెతకాలి.

పెట్రోల్‌లో తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే రింగులు లేదా బోరు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. డీజిల్‌లో ఈ పద్ధతి వద్దు. పైన ఉండే ఖాళీ చాలా చిన్నది కాబట్టి ఆ కాస్త ఆయిలే అంకెని తప్పుగా పెంచేస్తుంది.

లీక్ డౌన్ టెస్ట్. డీజిల్‌కి ఇదే నమ్మకం. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడ నుంచి పోతోందో వింటారు. ఆయిల్ మూత దగ్గర హిస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు అయితే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా పగులు.

బ్యాక్ కంప్రెషన్. రింగులు అరిగి గ్యాస్ కిందికి దిగుతోందని, ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చూపించి భయపెట్టే పద్ధతి ఇది. కొద్దిగా ఆవిరి ఏ పాత డీజిల్‌లోనైనా వస్తుంది. రైలింజన్‌లా గుప్పుగుప్పుమంటూ మూతని ఎగరేస్తుంటే తప్ప దీన్నొక్కదాన్నే రుజువుగా తీసుకోవద్దు. బ్రీదర్ గొట్టం మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది.

ఆయిల్ ఫిల్టర్ కోసి చూడటం. అందరూ వదిలేసేది ఇదే. పాత ఫిల్టర్ కోసి, కాగితం విప్పి, ఎండలో చూడండి. రాగి రంగు లేదా వెండి రంగు మెరుపులు కనబడితే బేరింగులు అరుగుతున్నాయి, ఇంజన్ అడుగుభాగం విప్పక తప్పదు.

రాసుకోవాల్సినవి:
- నాలుగు సిలిండర్ల కంప్రెషన్, విడివిడిగా
- లీక్ ఎటు నుంచి
- వేడి ఇంజన్ మీద ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్
- వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ ఖర్చు
- ఫిల్టర్‌లో లోహం ఉందా లేదా

## 3. కొలతలని బట్టి ఎంత పని

లీక్ వాల్వుల నుంచో గ్యాస్కెట్ నుంచో అయి, ఆయిల్ ప్రెషర్ బాగుండి, ఫిల్టర్‌లో లోహం లేకపోతే హెడ్డు పని సరిపోతుంది. మీ ప్రశ్న అక్కడితో తీరిపోయినట్టే.

రింగుల నుంచి అయితే బోరు కొలిచాకే తర్వాతి మాట. చాలామంది ఇక్కడ "రింగులు ఒక్కటీ మార్చేద్దాం, తక్కువలో అయిపోతుంది" అన్న మాటకి ఒప్పుకుంటారు. బోరు గుండ్రం తప్పి, పైన ఎక్కువ అరిగి ఉంటే అందులో కొత్త రింగులు అతకవు. కొన్నాళ్లకే పొగ మళ్లీ మొదలవుతుంది, లేబర్ రెండుసార్లు కట్టాల్సి వస్తుంది. బోరు లిమిట్‌లో ఉందని కొలత చూపిస్తేనే రింగుల పని ఒప్పుకోండి.

బేరింగులు పోతే ఫుల్ ఇంజన్ పని. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకుకి చిల్లు పడినా, బ్లాకు పగిలినా, క్రాంక్ (పిస్టన్లు తిప్పే అడుగు ఇరుసు) నీలం తిరిగేలా కాలిపోయినా మీ ఇంజన్‌ని బాగుచేసే ఆలోచన మానేయొచ్చు. ఇంజన్ మార్పు ఆలోచించాల్సింది అప్పుడే. మిగతా సందర్భాల్లో నా ఓటు సొంత ఇంజన్ బాగుచేయించడానికే. దాని చరిత్ర మీకు తెలుసు. మార్కెట్లో దొరికే ఇంజన్ చరిత్ర అమ్మేవాడికి కూడా తెలియదు.

## 4. ఈ కారుకి ఇంత పెట్టొచ్చా?

ఇంజన్ లెక్క తర్వాత, ముందు మిగతా బండి చూడండి. లిఫ్ట్ మీద ఎక్కించి ఫ్లోర్, సస్పెన్షన్ బిగించే చోట్లు, సిల్ కింద తుప్పు గుచ్చి చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండి అయితే మరీ జాగ్రత్త. తుప్పు పట్టిన బాడీలో కొత్త ఇంజన్ పెట్టడం దండగ.

రిజిస్ట్రేషన్ గడువు కూడా లెక్కే. కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ పాసై 5 ఏళ్లకొకసారి రెన్యువల్, దానికి తోడు గ్రీన్ టాక్స్. తెలుగు రాష్ట్రాల్లో 15 దాటిన కారు రెన్యువల్ చేయించి తిప్పుకోవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో ఉండేవాళ్లకి మాత్రం డీజిల్‌కి 10, పెట్రోల్‌కి 15 ఏళ్ల ఆంక్షలు వచ్చాయి, అవి కోర్టు ఆదేశాలతో మారుతూ ఉన్నాయి కాబట్టి అక్కడి తాజా నిబంధన చూసుకోకుండా రూపాయి పెట్టొద్దు.

కాగితం మీద మూడు అంకెలు రాయండి:
- బండిని ఉన్నదున్నట్టు అమ్మితే వచ్చేది
- ఇంజన్ ఖర్చుతో పాటు రాబోయే రెండేళ్లలో తప్పని ఖర్చులు: క్లచ్, టైర్లు, ఏసీ, సస్పెన్షన్
- ఇంజన్ బాగైన తర్వాత అదే మోడల్, అదే ఏడాది బండికి మీ ఊళ్లో ఉన్న ధర

రెండో అంకె మూడో దానిలో సగం దాటుతుంటే అమ్మే ఆలోచన గట్టిగా చేయండి. సగం లోపు ఉండి, ఇంకో నాలుగైదేళ్లు మీరే నడుపుకుంటారంటే చేయించండి. చేయించి అమ్మేద్దాం అనుకుంటే మాత్రం వద్దు. కొనేవాడు "ఇంజన్ విప్పిన బండి" అంటూ ధర తగ్గిస్తాడు, పెట్టింది తిరిగి రాదు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. అరుగుదలకి మామూలు పాలసీ ఇవ్వదు. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పోగొట్టుకుంటే ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉంటే తప్ప రావడం కష్టం.

## 5. ఎస్టిమేట్ ఎలా తీసుకోవాలి

కనీసం రెండు చోట్ల, రాతపూర్వకంగా. విజయవాడ ఆటోనగర్ అయినా, మీ ఊరి గ్యారేజీ అయినా ఇదే పద్ధతి. "మొత్తం ఇంతవుతుంది" అన్న ఒక్క అంకె ఎస్టిమేట్ కాదు. లేబర్, లేత్ పని, పార్టులు విడివిడిగా ఉండాలి. పార్టుల పక్కన బ్రాండ్ పేరు ఉండాలి. లేత్ ఎవరి దగ్గర చేయిస్తారో అడిగి, వీలైతే వెళ్లి ఆ షాపు చూడండి. ఇంజన్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది విప్పి బిగించేవాడి కంటే బోరు, క్రాంక్ పట్టేవాడి చేతిలో ఎక్కువ ఉంది.

విప్పాక బ్లాకు పనికిరాదని తేలితే అప్పటిదాకా ఎంత కట్టాలి? ఈ ప్రశ్నకి జవాబు ముందే రాయించుకోండి.

## 6. బాగుచేయించేటప్పుడు వరుస

మొదట విప్పడం, కడగడం, కొలవడం. పార్టులు కొనడం తర్వాత. పిస్టన్లు ముందే కొని తెచ్చేస్తే, ఆ సైజుకి బోరు సరిపెట్టాల్సిన గతి పడుతుంది. బోరుని పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలిచి, అరుగుదలని బట్టి ఏ ఓవర్‌సైజుకి (కొత్త, పెద్ద పిస్టన్ సైజుకి) వెళ్లాలో, లేక స్లీవ్ (బోరులో దించే కొత్త గొట్టం) వేయాలో నిర్ణయించాలి. మల్టీజెట్ స్టాండర్డ్ బోరు 69.6 మిల్లీమీటర్లు. కొత్త తరం చిన్న పెట్రోల్ ఇంజన్లలో అల్యూమినియం బ్లాకులో పల్చటి ఇనుప స్లీవులు ఉంటాయి. వాటికి ఓవర్‌సైజ్ పిస్టన్ అసలు దొరుకుతుందో లేదో పార్ట్ నంబరుతో కనుక్కున్నాకే బోరు మాట.

పిస్టన్ చేతికొచ్చాకే బోరు ఫైనల్ చేయాలి. ఆ పిస్టన్‌ని కొలిచి, మాన్యువల్‌లోని గ్యాప్ వచ్చేలా పట్టి, చివర హోనింగ్‌తో (రాయితో సన్నగా గీరడం) అడ్డగీతలు వేయాలి. ఆ గీతలే ఆయిల్‌ని పట్టి ఉంచేవి. అద్దంలా నున్నగా ఉన్న బోరు చూసి మురిసిపోకండి.

హెడ్డు. పగుళ్లకి ప్రెషర్ టెస్ట్ ముందు, ఫేసింగ్ (హెడ్డు అడుగు తలాన్ని చదును పట్టడం) తర్వాత. తిరగేసి చేస్తే పగిలిన హెడ్డుకి ఫేసింగ్ డబ్బులు కట్టినట్టవుతుంది. ఫేసింగ్ అవసరమైనంతే. ఎక్కువ లాగేస్తే వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. చాలా డీజిల్ ఇంజన్లకి గ్యాస్కెట్ మందం రెండు మూడు రకాల్లో వస్తుంది, పిస్టన్ బ్లాకు మీదికి ఎంత లేస్తుందో కొలిచి సరైనది ఎంచుకోవాలి.

క్రాంక్. జర్నల్స్ (బేరింగులు కూర్చునే చోట్లు) కొలవకుండా "పాలిష్ కొట్టేశాం" అంటే ఒప్పుకోవద్దు. గ్రైండింగ్ చేస్తే దానికి తగ్గ అండర్‌సైజ్ బేరింగులు దొరుకుతాయో లేదో ముందే చూసుకోవాలి.

బోల్టులు. హెడ్ బోల్టులు, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది కొస) బోల్టులు ఇన్ని డిగ్రీలు తిప్పాలి అన్న లెక్కతో బిగించేవైతే అవి సాగుతాయి. చాలా కంపెనీలు వాటిని ఒక్కసారికే అంటాయి, కొత్తవే వేయించండి.

ఆయిల్ దారులు. బేరింగ్ పోయిన ఇంజన్‌లో ఆ లోహపు పొడి ఆయిల్ కూలర్‌లో, టర్బో పైపులో ఉండిపోతుంది. ఇవి శుభ్రం చేయకుండా బిగిస్తే కొత్త బేరింగులు ఆ పొడితోనే పోతాయి. ఆయిల్ కూలర్ కడిగితే పోదనిపిస్తే కొత్తది వేయండి.

పోవడానికి కారణమైనది. వేడెక్కి పోయిన ఇంజన్ అయితే రేడియేటర్, ఫ్యాన్, థర్మోస్టాట్, వాటర్ పంపు చూడకుండా బిగించొద్దు. మామూలు నీళ్లు పోసి నడిపి ఉంటే కూలంట్‌కి మారండి.

ఇంజన్ బయట ఉన్నప్పుడే మార్చుకోవాల్సినవి:
- టైమింగ్ చైన్ కిట్, టెన్షనర్, గైడ్లతో సహా
- వాటర్ పంపు, థర్మోస్టాట్
- వెనక క్రాంక్ ఆయిల్ సీల్
- క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్
- ఇంజన్ మౌంటింగులు, గట్టిపడిన గొట్టాలన్నీ

ప్రతి దశలో ఫొటోలు అడగండి. మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టమనండి.

## 7. ఇంజన్ మార్చేటట్టయితే

ముందు కంపెనీ హాఫ్ ఇంజన్ దొరుకుతుందా అని షోరూం పార్ట్స్ కౌంటర్లో అడగండి. ధర ఎక్కువే కానీ బ్లాకు, క్రాంక్, పిస్టన్లు అన్నీ కొత్తవి, బిల్లు వస్తుంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి వాటి విషయంలో స్టాకు ఉందని తేలేదాకా దాని మీద లెక్క వేసుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇవి చూడందే అడ్వాన్స్ ఇవ్వకండి:

- అదే ఇంజన్‌నా? ఒకే 1248 సీసీలో 75 హార్స్ పవర్‌దీ 90 హార్స్ పవర్‌దీ ఉన్నాయి, టర్బోలు వేరు. బీఎస్ 3, బీఎస్ 4 (కాలుష్య ప్రమాణాలు) తేడాలూ ఉంటాయి. ఇంజన్ కోడ్ సరిపోవాలి.
- మునిగిన బండిదా? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ఎన్ని కార్లని ముంచిందో చూశాం. అలాంటి ఇంజన్లు తర్వాత మార్కెట్లోకి రాకుండా ఉండవు. క్లచ్ హౌసింగ్ లోపల ఎండిన బురద, కనెక్టర్ పిన్నులకి పచ్చటి తుప్పు, అల్టర్నేటర్ లోపల మట్టి వెతకండి. బయట తళతళా కడిగి ఉంటే మరింత గట్టిగా చూడండి.
- చేత్తో తిరుగుతోందా? క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడా పట్టకూడదు.
- కంప్రెషన్ మీ ముందే కొలవాలి. కుదరదంటే వేరే షాపు.
- సంప్ విప్పి ఒక బేరింగ్ మూత తీసి చూపించమనండి. ఒప్పుకునేవాళ్లు ఉంటారు.
- ఇంజన్ నంబరు రుద్దినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే వదిలేయండి. దొంగ బండి ఇంజన్ అయితే కేసు మీ దాకా వస్తుంది.
- కాగితాలు: బిల్లు మీద ఇంజన్ నంబరు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్సీ రద్దయినట్టు రుజువు.

గ్యారంటీ ఎన్ని రోజులు, డబ్బు తిరిగిస్తారా ఇంకో ఇంజన్ ఇస్తారా, మళ్లీ దించి ఎక్కించే లేబర్ ఎవరిది, ఇవి బిల్లు మీద రాయించుకోండి. ఎక్కించే ముందు ఆరో మెట్టులోని చివరి జాబితా దీనికీ చేయించాలి. ఇంజెక్టర్లు మారితే చాలా కామన్ రైల్ ఇంజన్లలో వాటి మీది కోడ్ స్కానర్‌తో ఈసీయూలో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఎక్కించాలి, లేకపోతే ఐడిల్ వణుకుతుంది.

## 8. మొదటి స్టార్ట్, ఆ తర్వాత

డీజిల్ అందకుండా చేసి, స్టార్టర్‌ని విరామాలిస్తూ తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చిందని చూశాకే స్టార్ట్ చేయాలి. కూలంట్‌లో గాలి పూర్తిగా పోయేదాకా హీటర్ ఆన్‌లో పెట్టి చూడాలి.

గంటల తరబడి ఐడిల్‌లో ఉంచి "సెట్ చేయడం" పాత అలవాటు, దానివల్ల రింగులు సరిగా అతకవు. వేడెక్కగానే రోడ్డు మీదికి తీసుకెళ్లి స్పీడు మారుస్తూ నడపండి. మొదటి 1000 నుంచి 1500 కిలోమీటర్లు ఫుల్ లోడ్, ఘాట్ రోడ్డు, గంటల తరబడి ఒకే స్పీడు హైవే వద్దు. మొదటి ఆయిల్, ఫిల్టర్ 500 నుంచి 1000 లోపే మార్చి, ఆ ఫిల్టర్ కూడా కోసి చూడండి. రోజూ పొద్దున్నే ఆయిల్, కూలంట్ లెవెల్ చూడాలి. మొదట్లో కొద్దిగా ఆయిల్ తాగినా గాబరా అక్కర్లేదు, 2000 దాటాక కూడా తాగుతుంటే కంప్రెషన్ మళ్లీ కొలిపించి, పాత అంకెల పక్కన పెట్టి గ్యారేజీతో మాట్లాడండి.

## 9. ఆర్టీఏ పని

సొంత ఇంజన్ బాగుచేయిస్తే నంబరు మారదు, కాగితాల గొడవ లేదు. వేరే ఇంజన్ లేదా కొత్త బ్లాకు వేస్తే నంబరు మారుతుంది. అప్పుడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్సీలో మార్పించాలి. బండి మీద లోన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి కావాలి. ఇంజన్ కొనకముందే మీ ఆర్టీఏ ఆఫీసులో ఏ కాగితాలు అడుగుతారో కనుక్కోండి, ఎందుకంటే బిల్లు సరిగా లేదని తర్వాత తేలితే అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

- ఇంజన్ బిల్లు, పాత బండి ఆర్సీ రద్దు రుజువు
- గ్యారేజీ బిల్లు
- ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్
- లోన్ ఉంటే అనుమతి పత్రం

కొత్త ఆర్సీ రాగానే ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి పాలసీలోనూ నంబరు మార్పించండి. ఇది వదిలేస్తే రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వేయర్ మొదట చూసేది ఇంజన్ నంబరే. ఆర్సీ, పాలసీ చేతికొచ్చాక బానెట్ ఎత్తి, బ్లాకు మీద చెక్కిన నంబరుతో రెండింటినీ ఒక్కో అక్షరం సరిచూసుకోండి.